నా పూచీ మీద తాగినవాడు

కుడికన్ను మూసుకుని ఎడమకంటితో మనిషి ముఖం చూస్తే నాకు ముక్కు కనిపించదు. చెవులుంటాయి, గడ్డం ఉంటుంది, నడిమధ్య బూడిదరంగు మరక ఉంటుంది. కొట్లో దీన్ని కూడా వాడుకోవడం నేర్చుకున్నాను. మరీ పీకి పీకి బేరమాడేవాళ్లు వస్తే ఎడమకంటితో చూస్తాను. ముఖం లేని మనిషికి కుదరదని చెప్పడం సులువు. ఇలా వేళాకోళం చెయ్యగలుగుతున్నానంటే గండం గడిచిందనే అర్థం. గడిచి రెండేళ్లయింది.

ఇన్నాళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న హైస్కూలు వెనక గోడ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు అల్లం టింక్చరులో గోలీసోడా కలుపుకుంటూ కనిపించారు. నేను ఆగితే ఒకడు సీసా వెనక్కి దాచాడు. రెండోవాడు దాచలేదు. "భయం నేదన్నా, ఇది మంచి సరుకు. నేను సూసే తెచ్చినాను," అన్నాడు. వాడి ముఖంలో నా ముఖమే కనిపించింది. ఏమీ అనలేక వచ్చేశాను. అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను.

1967, మే నెల

మాది చీపురుపల్లి బజారులో కొట్టు. బెల్లం, చింతపండు, మిరపకాయలతో పాటు మేకులు, రంగులు, వడ్రంగులకు లక్క, ఆ లక్కను కరిగించే పాలిష్ స్పిరిట్ అమ్మేవాళ్లం. మా బజారులో ఒక పద్ధతి ఉంది. సరుకు మంచిదేనా అని కొనేవాడు అడిగితే, అమ్మేవాడు ముందుగా చిటికెడు తన నాలుక మీద వేసుకుని, "నాది పూచీ" అంటాడు. ఆ మాట అన్నాక కొనేవాడు మళ్లీ పరీక్ష చెయ్యకూడదు. చేస్తే అమ్మేవాణ్ని దొంగ అన్నట్టే.

నేను పుట్టింది ఆ పూచీల మధ్యే. నెయ్యిని అరచేతిలో రుద్ది కల్తీ చెప్పేవాణ్ని. తేనెలో వత్తి ముంచి, వెలిగించి, మంట తీరును బట్టి ధర చెప్పేవాణ్ని. నాకు పదహారేళ్లు వచ్చేసరికే నా నాలుకకు బజారులో పేరొచ్చింది. మా నాన్న కొట్లో ఉన్నా సరే, "సిన్నశెట్టిని నాకమను, అప్పుడు కొంతాం," అనేవారు జనం. మనిషి నాలుకకు అంత గౌరవం దక్కితే తల కాస్త తిరుగుతుంది. నాకు బాగానే తిరిగింది.

అవి మద్యనిషేధం రోజులు. దొరకనిదాని మీదే కుర్రాళ్లకు మనసు. నాతో ఎస్.ఎస్.ఎల్.సి. చదివిన అప్పన్న, నాలుగు మైళ్ల అవతల పల్లెలో గోగునార పండించే రైతు కొడుకు. మనిషి పొడవు, మాట తక్కువ. గూడ్సుబండి వస్తుంటే పట్టాల పక్కన, కంకర మీద బోర్లా పడుకోవడం మా మొదటి పందెం. పందెం పెట్టేది నేను, పడుకునేది వాడు. తర్వాత కడుపునొప్పి అని మందుల షాపులో చెప్పి, సారా పాలు ఎక్కువుండే అల్లం టింక్చరు తెచ్చుకోవడం. నొప్పి నటించేది నేను, చేదు మింగేది ముందు వాడు. పరీక్షలైపోయాక మా కొట్లోని పాలిష్ స్పిరిట్ మీద నా కన్ను పడింది. పాత డబ్బాలోంచి రెండు మూడు సార్లు, సోడాలో కొంచెం కొంచెం తాగాం. తల దిమ్మెక్కింది, తగ్గిపోయింది. దాంతో ఆ సరుకు నాకు తెలుసనుకున్నాను.

పాత డబ్బా అయిపోతే కొత్త డబ్బాకు మా నాన్న నన్ను పట్నం తీసుకెళ్లాడు. అక్కడి వర్తకుడితో బేరం నేనే ఆడాను. ఆయన అడిగినదానికి సగం చెప్పాను. ఆయన ఒక్కమాటకే దిగిపోయాడు. ఎన్నో బేరాలు చూసినవాణ్ని, అంత తొందరగా దిగాడంటే సరుకు వేరేదేమోనని అనుమానించాలి. నేను గెలిచాననుకున్నాను. డబ్బా ఎత్తుకుంటుంటే ఆయన, "ఇది కొయ్యకి రాయడానికేనండీ బాబూ, ఇంకోదానికి పనికిరాదు," అన్నాడు కూడా. ఆ హెచ్చరికను నేను బేరం ఓడినవాడి ఏడుపు కింద కొట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం, స్టేషను అవతల మామిడితోటలో, అప్పన్న సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఒరే శెట్టీ, దీని వాసన తేడాగున్నాది. మంచిదేనేటిరా?"

"ఉండు, సూపిస్తాను."

ఎండుటాకు మీద నాలుగు చుక్కలు పోసి అగ్గిపుల్ల గీశాను. ఎండలో సరిగా కనబడకపోతే చొక్కా అడ్డం పెట్టాను. నీలంగా మండింది. పొగ లేదు, మసి లేదు. మా కొట్లో నేర్చుకున్న పరీక్షల్లో ఇంత శుభ్రంగా నెగ్గిన సరుకు మరొకటి లేదు.

"సూసినావా? నిండా నీలం. పాతదానికన్నా మేలు."

"నువ్వు ముందు తాగు మరి."

అది మా బజారు పద్ధతే కదా. నేను ముందు ఒక గుక్క తాగి, పెదవులు తుడుచుకుని, మా నాన్న గొంతుతో, "నాది పూచీ," అన్నాను. అప్పన్న నవ్వాడు. ఆ తర్వాత వాడు అడగలేదు. నాకంటే ఎక్కువ తాగాడు. సాయంత్రం వాడు వాళ్ల ఊరి దారి పట్టాడు, నేను పుదీనా నములుతూ ఇంటికి చేరాను.

మర్నాడు

పొద్దున్న లేచేసరికి తల బరువు. అంతే. ఈ రోగం చేసే మోసం అదే, వెంటనే పట్టుకోదు. రాత్రి సుఖంగా నిద్రపోనిస్తుంది. తొమ్మిది గంటలకు కడుపులో మెలిపెట్టింది. పదింటికి వాంతులు. మా అమ్మ వడదెబ్బ అంది, ఉల్లిపాయ దంచి అరికాళ్లకు రాసింది, మజ్జిగ తాగించింది. నేను వడదెబ్బనే ఖాయం చేసుకున్నాను. అంతకంటే చవగ్గా పోయే రోగం దొరకదు.

కొట్లోకి వెళ్లి కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను. పిండిమర పక్కన నిలబడితే కళ్ల ముందు తెల్లటి దుమ్ము లేస్తుంది చూడండి, అలా లేచింది. చేత్తో తోశాను. పోలేదు. బెల్లం తూస్తూ తూనికరాయి మీద అంకె కనబడక వేళ్లతో తడిమాను. మా నాన్న అది చూశాడు.

"ఒరే కిష్టా, రాయినెందుకు నిమురుతావు?"

"చెమట తుడుస్తన్నాను."

ఆయన లేచి వచ్చి నా ముఖం ముందు వేళ్లు పెట్టాడు. "ఎన్ని?"

ఎన్నో కనబడలేదు. "మీరు ఎన్నంటే అన్ని," అన్నాను. బేరగాడి జవాబు. మా నాన్న నవ్వలేదు. కొట్టు తలుపులు వేసిన చప్పుడు వినబడింది. పట్టపగలు మా కొట్టు మూతపడడం బజారు ఎప్పుడూ చూడలేదు. పక్క కొట్టాయన, "ఏటయినాది శెట్టిగారూ?" అని అరుస్తున్నాడు. దొరికిన రైలెక్కి విజయనగరం పెద్దాసుపత్రికి చేరాం. దారంతా కిటికీలోంచి తెలుపు తప్ప ఏమీ లేదు. ఊపిరి మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తుతోంది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నన్ను పడుకోబెట్టారు. చుట్టూ దగ్గులు, పసిపిల్లల ఏడుపు, ఫినాయిలు వాసన. మా అమ్మ ఒడిలో తల పెట్టుకుని దేవుడితో బేరం మొదలుపెట్టాను. మొదట ఒక కొబ్బరికాయ చెప్పాను. సిగ్గేసి తలనీలాలకు పెంచాను. తెలుపు ఇంకా చిక్కబడేసరికి, రెండు కళ్లూ అక్కర్లేదు, ఒకటి ఉంచినా చాలన్నాను.

డాక్టరు వచ్చాడు. ఆయన ముఖం నేను చూడలేదు, గొంతే విన్నాను.

"ఏం తాగావు?"

మా నాన్న అందుకున్నాడు. "అయ్యా, మా ఇంట్లో మజ్జిగ తప్ప ఇంకోటి ఎరగం. వడదెబ్బండి."

"మిమ్మల్ని అడగలేదు. ఏం తాగావోయ్?"

"టింక్చరు... కడుపునొప్పికి. చిన్న చెంచాడు."

"టింక్చరుకి కళ్లు పోవు. తొందరగా చెప్పు."

నేను దిగాను. బేరంలో ఎలా దిగుతామో అలాగే, మెట్టు మెట్టుగా. పాలిష్ స్పిరిట్ అన్నాను. ఒక్క గుక్క అన్నాను. రెండు అన్నాను. పావుసీసా దగ్గర ఆగాను. మా అమ్మ ఒడి నా తల కింద బిగుసుకుపోయింది.  ఆ డబ్బా ఎక్కడిదో మా నాన్నకు చెప్పనక్కర్లేదు.

"ఎంతమంది తాగారు?"

"నేనొక్కణ్నే."

ఎందుకలా అన్నాను? అప్పన్న అయ్యకు తెలిస్తే వాణ్ని చంపేస్తాడనుకున్నాను. కేసవుతుందని, కొట్టు పరువు పోతుందని అనుకున్నాను. ఇవన్నీ నిజమే. అసలు నిజం వేరు. వాడి పేరు చెప్తే నా పూచీ సంగతి చెప్పాలి. వాడు నాకంటే గట్టివాడు, వాడికేం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డాక్టరు మా నాన్న చేతిలో చీటీ పెట్టాడు. ఆ డబ్బాలోది మిథైల్ ఆల్కహాలట; ఆ విషానికి విరుగుడుగా నాకు పట్టడానికి బ్రాందీ కావాలి. ఆసుపత్రిలో నిండుకుంది, మందు తాగడానికి సర్కారు పర్మిటు ఉన్న ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లి తేవాలి. (ఇది చదివి ఎవరూ ఇంట్లో ఈ వైద్యం మొదలుపెట్టకండి. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరు పక్కన కూర్చుని చూస్తే గాని తెలియని సంగతి.) సారా వాసన వస్తే వీధి మారే మా నాన్న ఆ సీసాను కండువాలో చుట్టుకుని, మా బజారువాళ్లు ఇద్దరు చూస్తుండగానే వరండాలోకి పరిగెత్తుకొచ్చాడట. ఆయన బతుకులో ధర అడగకుండా తెచ్చిన సరుకు అదొక్కటే.

కళ్లకు గుడ్డ కట్టి వార్డులో పడుకోబెట్టారు. నన్ను తుడవడానికి వచ్చిన ఆయా పేరు సూరమ్మ. చేతులు గరుకు, మాట ఇంకా గరుకు.

"ఏరా గుంటడా, పాలిసు తాగినావంట గదా? నువ్వేవైనా బల్లవేటి, కుర్చీవేటి?"

నవ్వబోతే కడుపు నొప్పెట్టింది.

"తోడెవులు తాగినారు?"

"ఎవరూ లేరు."

"అబద్ధం. గుంటలు ఒక్కలే తాగరు. నేను శానామందిని సూసినాను. ఒకడు పోస్తాడు, ఒకడు తాగుతాడు. ఆ రెండోవోడు ఎక్కడున్నాడు?"

నేను గోడవైపు తిరిగాను. ఆమె తుడవడం ఆపింది.

"సూడు నాయినా. నీకు గుడ్డ కట్టినారు, మందెట్టినారు, పక్కన అమ్మున్నాది. ఆడికేటున్నాది? సెప్పీ. పేరు నాకొద్దు, ఊరు సెప్పు."

ఊరు చెప్పాను. ఎంతయిందని అడిగితే నాలుగు దాటిందంది. డాక్టరు నన్ను అడిగింది ఒంటిగంటకు. మూడు గంటలు నేను ఒక పేరు పట్టుకుని పడుకున్నాను.

సూరమ్మ వెళ్లి చెప్పినట్టుంది, మా నాన్న మంచం దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "నువ్వు ముందు తాగి చూపించావా?" అని మాత్రం అడిగాడు.

"ఆఁ."

"పూచీ అన్నావా?"

"అన్నాను."

ఆయన వెంటనే అప్పన్న ఊరికని సాయంత్రం బండికి బయల్దేరాడు. ఆయన చెప్పుల చప్పుడు వార్డు చివరిదాకా విన్నాను.

మూడో రోజు

తెల్లవారాక అప్పన్నను తెచ్చారు. నా మంచానికి అవతలి వరసలో వేశారు. వాడి ఊపిరి నాకు వినిపించేది, కొలిమితిత్తిలా. గుడ్డ విప్పి చూడాలనిపించేది, చెయ్యి పైకి వెళ్లేది, మా అమ్మ పట్టుకునేది. ఆ రోజు నేను ఆ ఊపిరినే లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. ఆగినట్టనిపిస్తే నాదీ ఆగేది.

మధ్యాహ్నం ఎవరో నా మంచం పక్కన నిలబడ్డారు. పేడ, పచ్చినార వాసన.

"నువ్వేనేటి శెట్టిగోరబ్బాయివి?"

అప్పన్న తల్లి. నేను ఔనన్నాను. కొడుతుందని కళ్లగుడ్డ లోపలే కళ్లు మూసుకున్నాను.

"నిన్నంతా గుంటడు కళ్లు అవుపడ్డం నేదని కొట్టుకున్నాడు. ఏటి తిన్నావురా, ఏటి తాగినావురా అని ఆళ్లయ్య, నేను అడిగినాం. సోడాలో మందు తాగినానన్నాడు. అదే సేసినాదేమోరా, ఆసుపత్రికి పోదాం పదరా అన్నాను. అది కాదమ్మా అన్నాడు. శెట్టి ముట్టించి సూసినాడు, ఆడే ముందు తాగినాడు, పూసీ ఉన్నాడు, అది మంచిదే, ఇది ఎండదెబ్బ అన్నాడు. నీ మాటే నమ్మి మేం ఆడి కళ్లల్లో పసరు పోసుకుంటా కూకున్నాం బాబూ."

ఆమె కొడుకు మంచం దగ్గరికి వెళ్లిపోయింది. తిట్టివుంటే బాగుండేది. తిట్టుకు తిట్టు, ఏడుపుకు ఏడుపు ఇవ్వగలను. దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను వాడి పేరు దాచాను. వాడు నా పేరు దాచలేదు, దాచాల్సిన పని ఉందని కూడా అనుకోలేదు. నా మాట మీద అంత నమ్మకం.

1967, జూన్

పది రోజులకు నా కళ్లగుడ్డ విప్పారు. కుడికన్ను దాదాపు మునుపటిలాగే తేరుకుంది. ఎడమకంటిలో మరక మిగిలింది. దేవుణ్ని ఒక కన్ను అడిగితే ఒకటిన్నర ఇచ్చాడు. బేరంలో నాకు లాభం వచ్చింది. లాభం వచ్చిన బేరానికి నేను అంత భయపడడం జన్మలో అదొక్కసారే.

అప్పన్న బతికాడు. కళ్లు రెండూ రాలేదు. వెలుగు ఎటునుంచి వస్తోందో మాత్రం తెలుస్తుంది.

ఇంటికి వెళ్లే రోజు డాక్టరు వెంట వరండా చివరిదాకా నడిచాను. "నేను ఒంటిగంటకే చెప్పి ఉంటే వాడికి చూపు దక్కేదా అండీ?"

ఆయన ఆగాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు తెలియదు."

"కొంచెమైనా?"

"నాతో బేరాలాడకు," అని లోపలికి వెళ్లిపోయాడు. కసురుకున్నట్టు లేదు ఆ గొంతు.  ఈ రెండేళ్లూ ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది.

ఇంట్లో మా అమ్మ నెలరోజులు మా నాన్నతో మాట్లాడలేదు. "విషం ఇంట్లో పెట్టుకుని, పిల్లాడి నాలుక చూసి మురిసిపోయారు," అన్నది ఒక్కసారే. మా నాన్న ఆ డబ్బాను పెరట్లో గొయ్యి తీసి పారబోశాడు. ఆ తర్వాత మా కొట్లో స్పిరిట్ లేదు, లక్క లేదు. నేనేమో కొనేవాళ్ల ముందు నాలుక బయటపెట్టడం మానేశాను. ఎవరైనా "నాకి సెప్పు సిన్నశెట్టీ" అంటే, "మీరే చూసుకోండి" అనేవాణ్ని. వాళ్లకు అది అవమానంగా ఉండేది. కొందరు వేరే కొట్టుకు పోయారు. అప్పన్న ఇంటికి రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ వాళ్ల ఊరి పొలిమేరలోంచే తిరిగొచ్చాను.

1969, ఈ వేసవి

పోయిన నెల, పొద్దున్న పదింటప్పుడు, వాళ్లమ్మ భుజం పట్టుకుని అప్పన్నే వచ్చాడు. ఇంకో చేతిలో గోగునార తాళ్ల చుట్ట. కొట్టు మెట్టు కాలితో వెతుక్కుని ఎక్కాడు.

"శెట్టీ, ఉన్నావేటిరా?"

తూస్తున్న తక్కెడ కింద పెట్టాను. "ఉన్నానురా," అన్నాను.

"రెండేళ్లయినాది. ఒక్కపాలీ రానేదు. దారి మర్సిపోనావేటి?"

"వచ్చాను. ఊళ్లోకి రాలేకపోయాను."

"తెలుసు. మా మావ సూసినాడంట. గట్టు మీద నిలబడి ఎనక్కి పోనావని సెప్పినాడు." వాడు తాళ్ల చుట్టను బల్ల మీద పడేశాడు. "ఇవి నేను పేనినాను. చేతులకి కళ్లెందుకు? కొంటావేటి?"

"కొంటాను. అన్నీ కొంటాను," అన్నాను, తొందరగా.

వాడి ముఖం గట్టిపడింది. "సూసినావేటి?"

"నువ్వు పేనావు కదా. చూడక్కర్లేదు."

"సూడకుండా కొంటావేటిరా? సూడకుండా తాగినోడు ఎలాగున్నాడో సూసినావు గదా!"

వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు మాత్రం నవ్వుతున్నాడు, మామిడితోటలో నవ్వినట్టే. తాడు ఒక కొస నా వైపు విసిరాడు.

"లాగు. పూసీలూ గీసీలూ వొద్దు. లాగి సూడు."

నేను మెల్లగా లాగాను. "ఆడపిల్లలాగ లాగుతావేటి!" అన్నాడు. గడపకు కాలు తన్నిపెట్టి గట్టిగా లాగాను. అటునుంచి వాడూ లాగాడు. తాడు బిగుసుకుంది. నా అరచేతులు మండాయి. పీచు ఒక్కటి లేవలేదు. బజారులో నలుగురు ఆగి చూస్తున్నారు. వాడు ఒక్కసారి వదిలేసరికి నేను బెల్లం బుట్ట మీద పడ్డాను.

"తెగనేదు గదా? అయితే ధర సెప్పు."

నేను చెప్పాను. మామూలుగా తాళ్లకు ఇచ్చేదానికి రెట్టింపు చెప్పాను.

"అది తాడు ధర కాదురా," అన్నాడు అప్పన్న. "సరిగ్గా సెప్పు."

సరిగ్గా చెప్పాను. వాడు మండిపడి, దోపిడీ అన్నాడు, మా కొట్టుకు రావడమే తప్పన్నాడు, తాళ్లు చుట్టి లేవబోయాడు. నేను కూర్చోమన్నాను. మా నాన్న లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి వాడి చేతికిచ్చాడు. ఆ తర్వాత గంటసేపు బేరమాడుకున్నాం.